రెండు బొమ్మల నడిమి తెలుపు

"కళ్యాణదుర్గం బస్టాండులో నేను తలెత్తుకొని తిరగల్లా వద్దా?"

హనుమంతరాయుడు పుస్తకాల కట్టను ట్రంకుపెట్టెలో పడేసి మూత దబ్బున మూశాడు. తాళం వేశాడు. తాళంచెవిని మొలతాడుకు ముడివేసుకొని, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు దాని మీద అరచెయ్యి పెట్టుకున్నాడు.

కూతురు సుష్మిత గోడకు ఆనుకొని నిలబడింది. ఇరవై మూడేళ్ల పిల్ల. మాటకు మాట చెప్పే పిల్లే గానీ, ఇవాళ గొంతు తగ్గించుకొని మాట్లాడుతోంది.

"ఆదివారం పుస్తకం సభకు ఆ కట్ట పోవల్ల నాయనా. మాటిచ్చినాను."

"ఎవురినడిగి ఇచ్చినావు? నా కొడుకు సచ్చిపోయినాడని ఊరూరా బొమ్మలేసి చూపిస్తావా? పదైదేండ్లయింది. ఊరు మర్చిపోయింది. నువ్వు మళ్లా పాడె కడతాండావు."

"నేను మర్చిపోలేదు నాయనా."

"నేను మర్చిపోయినానా?"

వంటింట్లో అతని భార్య హేమలత పెనం మీద రొట్టె మాడుతున్నా తిప్పలేదు.

గడప పక్కన పీట మీద కూర్చున్న మారెక్క మాత్రం కొడుకు మొలతాడు వంకే చూస్తోంది. ఆ తాళంచెవి ఎప్పటికీ అక్కడే ఉండిపోతే ఎంత బాగుండు అని ఆమె మనసులో ఉంది. అట్లా అనుకున్నందుకు ఆమెకే తల కొట్టేసినట్టయింది. మనవరాలు ఏడాదిన్నర కూర్చొని గీసిన పుస్తకమది.

చిన్నోడు జయరాం నాలుగేళ్లప్పుడు ఎట్లా పోయాడో ఊళ్లో అందరికీ తెలుసు. మూలనున్న సంచిలోంచి, పురుగు పట్టకుండా ఎర్రమందు కలిపిన చెనక్కాయ విత్తనాలు తిని పోయాడు. సంచి మూతి కట్టకుండా కూలికి పోయింది తల్లి హేమలత. ఊరికి తెలిసింది అంతే. అందులో ఎంత నిజమో, ఎంత కాదో తెలిసిన మనిషి భూమ్మీద మారెక్క ఒక్కతే.

సుష్మిత రాసింది మామూలు పుస్తకమైతే ముసలామెకు ఈ దిగులు ఉండేది కాదు. అక్షరాలు ఆమెను ఎప్పుడూ ఏమీ చేయలేదు. ఎవరైనా చదివి వినిపిస్తేనే అది కాయితం, లేకుంటే పొట్లం కట్టుకోవడానికి పనికొచ్చే వస్తువు. కానీ ఇది బొమ్మల కథ. పిల్లలు చూసే బొమ్మల పుస్తకం అనుకునేరు, కాదు. తన ఇంట్లో జరిగిందే పెట్టెలు పెట్టెలుగా గీసి, మనుషుల నోటి దగ్గర బుడగలు పెట్టి మాటలు రాసింది. బెంగళూరులో ఎవరో అచ్చు వేశారు. బొమ్మకు బడి అక్కరలేదు కదా! కళ్లుంటే చాలు, చదువు రాని మారెక్కకైనా దాచకుండా చెప్పేస్తుంది. అదీ ఆమె భయం.

"ఏమ్మే, నువ్వైనా చెప్పవేం నీ కూతురికి?" హనుమంతరాయుడు వంటింటి వైపు తిరిగాడు. "నువ్వు మూతి కట్టని సంచి గూడా అచ్చేసింటాది. చూసుకున్నావా?"

హేమలత మాడిన రొట్టెను తీసి పక్కన పెట్టింది. ఇంకో ముద్ద తీసుకొని తట్టడం మొదలుపెట్టింది. పదిహేనేళ్లుగా ఆమె ఇచ్చే జవాబు అదే. చప్పుడు చేసే పని ఏదో ఒకటి.

"అమ్మనెందుకంటావు నాయనా? పుస్తకం పూరాగా చదివినావా నువ్వు?" సుష్మిత గొంతు ఈసారి లేచింది. "కంచం బొమ్మ కాడ మూసేసినావు. నేను చూసినాను. దాని తర్వాతనే ఉండాది అసలు సంగతి."

హనుమంతరాయుడు తువ్వాలు భుజాన వేసుకొని బయటికి పోయాడు. బండి స్టార్టు చేశాక, గడప బయటి నుంచే అరిచాడు.

"ఆదివారం నువ్వు ఆడికి పోయినావంటే మళ్లా ఈడికి రావద్దు!"

దాని తర్వాత అసలు సంగతి! ఆ ఒక్క మాట మారెక్క చెవిలో జోరీగలా దూరింది.

* * *

ఎండ నడినెత్తికి రాకముందే పక్కింటి బయమ్మ వచ్చింది. కొంగు కింద ఏదో దాచుకొచ్చింది.

"ఏమక్కా, నీ మనవరాలు నా ముక్కును చూసినావా? బజ్జీల మిరపకాయంత గీసింది! మా కోడలు ఆ బొమ్మను చూసి పొద్దున్నుంచి నవ్వుతానే ఉండాది."

కొంగు తీసింది. పుస్తకం! ట్రంకుపెట్టెకు దొరకనిది ఒక్కటి మిగిలే ఉంది. నిన్న కోడలికి చూపిస్తానని బయమ్మ అడిగి పట్టుకుపోయిన కాపీ అది.

"ముక్కు సంగతి వదిలెయ్ గానీ..." బయమ్మ పీట లాక్కొని కూర్చుంది. నవ్వు ఆగిపోయింది. "ఆ కంచాల బొమ్మ ఉండాదే అక్కా. అయిదు కంచాలు తోమి బోర్లించినట్టు. దాని పక్క బొమ్మలో నాలుగు కంచాల్లో కూడు. అయిదోది అట్లే గూట్లో. దాని అంచున చుక్కలు చుక్కలుగా పేరు."

"జయరాం పేరు." మారెక్కకు చదువు రాకపోయినా ఆ చుక్కలు తెలుసు. పుట్టెంట్రుకలు తీసిన దినం పాత్రల అంగట్లో మిషనుతో కొట్టించింది తనే.

"నాకేం తెలుసు, నాకు చదువొస్తాదా? నాకైతే మా పెద్దదాని పేరే అనిపించె." బయమ్మ ముక్కు చీదింది. "కామెర్లొచ్చి పోయింది గదా అది, ఏడో తరగతిలో. దాని గలాసును నేను అటక మీద దాచిపెట్టినా, ఎవురికీ చెప్పలా. మా ఆయనకు గూడా తెల్దు. ఆ బొమ్మ చూసినంక రాత్రి దించి తోమినా. ఈ పిల్లకు నా గలాసు సంగతి ఎట్ల తెలిసెనో అనిపించింది. అంతకు మించి తిప్పలేకపోయినాలే. పెట్టుకో."

ఆమె పోయింది. పుస్తకం మారెక్క ఒళ్లో మిగిలింది.

ఏడ్చి తేలికైన బయమ్మను చూసి ఆమెకు కుళ్లు పుట్టింది. తన బిడ్డ పోతే తాను ఏడవగలిగిన మనిషి బయమ్మ. మారెక్కకు ఆ భాగ్యం కూడా లేదు. చిన్నోడి కోసం ఎప్పుడు కన్నీళ్లొచ్చినా, నీకేం హక్కుందే అని లోపలి మనిషి అడిగేది. కన్నీళ్లు వచ్చిన దారినే వెనక్కి పోయేవి.

అటూ ఇటూ చూసింది. వంటింట్లో గిన్నెల చప్పుడు. సుష్మిత ఫోనులో ఎవరితోనో మెల్లగా మాట్లాడుతోంది. మారెక్క లేచి, పుస్తకాన్ని కొంగులో చుట్టుకొని, పెరట్లో నీళ్లు కాచే పొయ్యి దగ్గరికి పోయింది. పొద్దున్నే వేసిన చెనక్కాయ పొట్టు ఇంకా లోపల ఎర్రగా కణకణలాడుతోంది. కొంచెం ఊదితే చాలు.

ఊదడానికి వంగింది. ఊపిరి రాలేదు.

"అవ్వా! ఎండలో ఏం చేస్తాండావు ఆడ?"

సుష్మిత దగ్గరికి వచ్చి కొంగులోని పుస్తకాన్ని చూసింది. చూసి, నవ్వింది. కళ్లలో నీళ్లతో నవ్వింది.

"చూడల్ల అనిపిస్తే నన్నడగొచ్చు గదవ్వా! నాయనకు భయపడి ఈడికొచ్చి దొంగతనంగా చూస్తాండావా? రా, నేను చూపిస్తా."

పట్టుబడిన దొంగను పిలిచి పీట వేసినట్టయింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకొని నడిపిస్తుంటే, మారెక్కకు భూమి నోరు తెరవకపోవడమే తక్కువ.

* * *

వసారాలో నీడ పట్టున కూర్చున్నారు ఇద్దరూ. లోపల హేమలత చేటలో బియ్యం పోసుకొని గడపకు అవతల కూర్చుంది. ఆమె కూడా ఆ పుస్తకాన్ని ఇంతవరకూ ముట్టలేదు.

"ఇట్ల ఎడమ నుంచి చూసుకుంటా పోవల్ల అవ్వా. అయిపోతే కింది వరస. ఒక్కో పెట్టె ఒక్కో గడియ."

"ఈ నడిమి తెల్లసందులేంది? ముగ్గు మరిచిపోయినట్టు వదిలిపెట్టినావు?"

"అదే గొప్ప అవ్వా దీంట్లో!" సుష్మిత మొహం వెలిగింది. "ఈ బొమ్మకూ ఆ బొమ్మకూ నడిమిట్ల జరిగింది నేను గీయను. చూసేవాళ్లే మనసులో గీసుకుంటారు. వాళ్లింట్లో పోయినవాళ్లే కనపడతారు ఈ తెల్లసందులో. అందుకే ఏడుస్తారు. కదిరి నుంచి ఒకామె ఫోను చేసింది నాకు. ఆమె తమ్ముడు పోయినాడంట. నీ పుస్తకంలో మా ఇల్లుండాదమ్మా అనింది."

మారెక్క తలూపింది గానీ, ఆమె కళ్లు వేరే దాన్ని వెతుకుతున్నాయి. ఆమె ముంజేతి మీద తేలు పచ్చబొట్టు ఉంది. పన్నెండేళ్లప్పుడు జాతరలో పొడిపించుకున్నది. పుస్తకంలో తానెక్కడున్నా ఆ తేలు ఉంటుంది. మొహాలు సరిగ్గా రాకపోయినా పిల్ల తేలును మాత్రం మరవలేదు. రొట్టె తట్టే చేతికి తేలు. చిన్నోడికి దిష్టి తీసే చేతికి తేలు. బిందె మోసే చేతికి తేలు.

పుస్తకమంతా నలుపూ తెలుపే. ఒక్కటే రంగు, ఎరుపు. అదీ అంతవరకూ మూలనున్న సంచికి మాత్రమే. పేజీ తిప్పిన కొద్దీ ఆ ఎరుపు దగ్గరికి వస్తోంది.

కంచాల బొమ్మ వచ్చింది. మారెక్క దాని మీద నిలవలేదు, గబగబా తిప్పింది. తరువాతి పేజీలో ఆస్పత్రి, జనం. వాళ్ల నడుమ తల బాదుకుంటున్న హేమలత. పక్కన తేలు చెయ్యి. ఆ ముసలామె నోటి దగ్గర ఒక బుడగ.

"ఇది నేనే గదా? నా నోటి కాడ ఏం రాసినావే?"

సుష్మిత తటపటాయించింది. "ఆ దినం నువ్వన్న మాటే అవ్వా."

"ఏం మాట? చదువు."

"సంచి మూతి కట్టలేదా హేమా?"

గడప అవతల బియ్యం చెరుగుతున్న చేట ఆగింది.

ఆ ఒక్క మాట! డాక్టరు ఏం తిన్నాడని అడిగాడు. ఎవరికీ తెలియదు. అప్పుడు మారెక్క నోట్లోంచి ఊడిపడింది. ఎవరి మీదా నేరం మోపలేదు, ఒక ప్రశ్న అడిగింది, అంతే కదా అని పదిహేనేళ్లుగా తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడు అచ్చులో, బుడగలో, తన నోటికి అంటుకొని ఉంది. తుడిచినా పోదు.

"నిన్ను తప్పుబట్టి రాయలేదవ్వా," అంది సుష్మిత. "తప్పెవురిదో ముందుంది చూడు."

మారెక్క పేజీ తిప్పలేదు. పిల్లే తిప్పింది.

ఒక చెయ్యి. ఆ చేతిలో ఎర్రటి గింజలు. కింద చిన్నోడి దోసిలి.

మారెక్క ముందు చూసింది ఒక్కటే. ఆ చేతికి తేలు లేదు! అమ్మయ్య అనుకుంది. గుండెల మీది నుంచి బండరాయి దొర్లినట్టయింది. ఆ వెంటనే చూసింది. ఆ చెయ్యి చిన్నది. మణికట్టుకు రెండు ప్లాస్టిక్కు గాజులు. ఎనిమిదేళ్ల ఆడపిల్ల చెయ్యి.

"ఇది... ఎవురిది?"

"నాదే అవ్వా. వాడు ఆకలని ఏడుస్తాంటే నేనే ఇచ్చినాను. పిడికెడే ఉండెనని నేను తినలా, అన్నీ వానికే పెట్టినా. చేటలోవి తీసినట్టే నాకు గుర్తు. కానీ అందరూ సంచి సంచి అన్నారు. సాయంత్రం చూస్తే చేట ఖాళీగా గోడకు తగిలించి ఉండాది. నేనే మరిచిపోయినానేమో, సంచిలోంచే తీసినానేమో అనుకున్నా. భయపడి నోరెత్తలా. నా తప్పును అమ్మ మోసింది పదైదేండ్లు. అందుకే గీసినానవ్వా. ఆదివారం అందరి ముందరా చెప్పాలని."

గడప అవతల హేమలత చేట కింద పెట్టింది.

మారెక్కకు ఇంకేం కనబడలేదు. ఎనిమిదేళ్లప్పటి నుంచి ఈ పిల్ల నిద్రలో ఉలిక్కిపడేది. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టించింది తనే. ఆ దయ్యమే పక్కన పడుకొని జోకొట్టేది!

"గింజలు ఎర్రగా లేవే," అంది.

"ఏందవ్వా?"

"నువ్వు పెట్టినవి ఎర్రగా లేవు. రంగు తప్పేసినావు." గొంతు తనది కానట్టుంది. "చేటలోవే తీసినావు. నీ గుర్తే నిజం."

సుష్మిత బొమ్మ మీదికి వంగింది.

మారెక్క వేలు పేజీ మీద పాకింది. సంచి ఉన్న పెట్టెకూ, చెయ్యి ఉన్న పెట్టెకూ మధ్య తెల్లసందు దగ్గర ఆగింది.

"ఈడ ఒక బొమ్మ తక్కువుండాది పాపా."

"ఏం బొమ్మ?"

"మృగశిరలో ఒక పదును వాన పడితే విత్తనానికి మందు కలిపినాడు మీ నాయన. మళ్లా చుక్క రాలలేదు. మందు కలిపినవి నిలవ ఉండవు, గుంత తీసి పూడ్చెయ్‌మన్నాడు. నాకు మనసొప్పలా. విత్తనం పారేసిన చెయ్యి ముద్దకు నోచుకోదని మాయమ్మ చెప్పేది. ఒక శేరు తీసినా. ఏడు నీళ్లు పోసి కడిగినా. ఎరుపంతా పోయింది, పాలపిట్ట గుడ్డులా తెల్లగైనాయి. ఊరుబిండి పచ్చడి చేద్దామని చేటలో ఆరబోసినా. కడగనీకి నీళ్లన్నీ అయిపోయినాయని ఇంకో బిందె తీసుకొని ట్యాంకరు కాడికి పోయినా. మీ ఇద్దర్నీ వదిలేసి."

ఊపిరి తీసుకుంది. ఇంకా ఉంది. అసలు సిగ్గుపడాల్సింది ఇంకా మిగిలే ఉంది.

"వాన్ని ఆటోలో ఎక్కించినంక, చేటలో మిగిలినవి దిబ్బలో పూడ్చినా. చేట కడిగి గోడకు తగిలించినా. ఆ మీదట ఆస్పత్రికొచ్చి... ఆ మాటన్నా."

సుష్మిత చేతులు ఒళ్లోంచి జారాయి. అవ్వను తిట్టలేదు, ముట్టలేదు. కొంచెం వెనక్కి జరిగింది. ఆ జానెడు జరగడమే మారెక్కకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

గడప దగ్గర చీర రెపరెప. హేమలత వచ్చి వాళ్ల ఎదురుగా కూర్చుంది. చేతులకు తవుడు అంటుకొని ఉంది. అత్త మొహంలోకి సూటిగా చూసింది. పదిహేనేళ్లలో అట్లా చూడడం అదే మొదలు.

"అత్తా. పొద్దున నేను బిందె నింపిపెట్టి పనికి పోయినా."

మారెక్క తల వంచుకుంది.

"వచ్చేసరికి వాడు నీళ్లు నీళ్లు అని కొట్టుకుంటాండె. బిందె వంచితే చుక్క లేదు. నా బిడ్డ నోట్లో గుక్కెడు నీళ్లు పొయ్యలేకపోతి. నిండు బిందె నీళ్లు ఏమైపోయినాయని పదైదేండ్లుగా తలుచుకుంటా ఉండా." గొంతు పెంచలేదు. "ఏడు నీళ్లకా అత్తా?"

మారెక్క ఆమె కాళ్ల మీద పడదామని వంగింది. హేమలత రెండు చేతులతో ఆమె భుజాలను పట్టి ఆపింది. ఆదరంతో ఆపిందో, నన్ను ముట్టవద్దని ఆపిందో మారెక్కకు అర్థం కాలేదు.

"పడొద్దు. నాకు అది వద్దు."

హేమలత కూతురి చెవి మీద దోపుకున్న పెన్సిలు తీసింది. అత్త చేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"గీయి."

"నాకేడొస్తాదమ్మా..."

"దినామూ వాకిట్లో ముగ్గేస్తావు గదా. చెయ్యొస్తాది. ఆ తక్కువైన బొమ్మ నా కూతురు గీయగూడదు. నువ్వే గీయల్ల."

దూరంగా బండి చప్పుడు వినపడింది. రోడ్డు మలుపు తిరిగి ఇంటి వైపే వస్తోంది.

"నాయన..." సుష్మిత పుస్తకం మూయబోయింది.

"రానీ," అంది హేమలత. పేజీ మీద అరచెయ్యి పెట్టి తెరిచే ఉంచింది. "ఆయప్ప గూడా చూడల్ల."

మారెక్క పెన్సిలును ముగ్గుపిండి పట్టుకున్నట్టు మూడు వేళ్లతో పట్టుకుంది. తెల్లసందులో ముందు గిన్నె కోసం ఒక గుండ్రం మొదలుపెట్టింది. గీత వంకరపోయింది. ఆ పక్కన ఒక చెయ్యి. అయిదు వేళ్లు అయిదు పుల్లల్లాగా వచ్చాయి. ఎవరి చెయ్యైనా కావచ్చు అది.

బండి వాకిట్లో ఆగింది. చెప్పుల చప్పుడు గడప దాకా వచ్చి నిలిచింది.

"ఏం చేస్తాండారు ముగ్గురూ?"

మారెక్క తలెత్తలేదు. ముంజేతిని ఒకసారి చూసుకొని, ఆ పుల్లల చేతి మీద తేలు తోక వంపు తిప్పడం మొదలుపెట్టింది.